షిర్డీ వెళ్లినప్పుడు నాసిక్‌లో చిన్న వైనరీలు చూడాలంటే

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫిబ్రవరిలో కావలి నుంచి మీరూ మీ ఆవిడా, అమ్మానాన్నలూ షిర్డీ, త్ర్యంబకం వెళ్తున్నారు. చివర్లో నాసిక్‌లో ఒక రోజు మిగులుతుంది. సులా అనే పెద్ద వైనరీకి, అంటే ద్రాక్షతో వైన్ తయారు చేసే చోటికి, వెళ్లమని అందరూ చెబుతున్నారు, మీకేమో ఆ రద్దీ వద్దు, పెద్దగా పేరు లేని చిన్న వైనరీలు చూడాలని ఉంది. వైన్ గురించి ఓనమాలు రావు. పెద్దవాళ్లతో వెళ్తే ఇబ్బందా, అక్కడ ఏం అడగాలి, సీసాలు ఇంటికి తెచ్చుకోవచ్చా? ఇవీ మీ సందేహాలు.

ముందు నా సంగతి చెప్తాను, లేకపోతే ఒంగోలు వాడికి వైన్ కబుర్లెందుకు అనుకుంటారు. ముప్పై ఏళ్లకు పైగా పొగాకు కొనుగోలులో ఉన్నాను. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో బేళ్ల మధ్య నడుస్తూ, ఆకు తీసి వేళ్లతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని గ్రేడు చెప్పడమే నా ఉద్యోగం. మా అబ్బాయికి పుణేలో ఉద్యోగం వచ్చాక ఏటా ఒకసారి అటు వెళ్తుంటాను. వెళ్లినప్పుడల్లా నాసిక్ చుట్టూ తిరగడం అలవాటైంది. పెద్దవీ చిన్నవీ కలిపి ఇప్పటికి ఇరవై దాకా చూసి ఉంటాను. తాగేది తక్కువే. మా ఆవిడ లెక్కలో అదీ ఎక్కువే.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నన్ను పట్టేసింది వైన్ కాదు. అక్కడి మనిషి ఒకాయన, ఒకే రకం ద్రాక్ష ఈ గట్టు మీద ఒకలా, ఆ పల్లంలో ఇంకోలా వస్తుందని చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇది మాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతే కదా! ఒకే వర్జీనియా పొగాకు విత్తనం పొదిలి, కనిగిరి తేలిక నేలల్లో ఒక ఆకు ఇస్తుంది, టంగుటూరు, కొండపి నల్లరేగడిలో ఇంకో ఆకు ఇస్తుంది. కళ్లకు గంతలు కట్టినా మా వాళ్లు వాసన చూసి చెప్పేస్తారు. అందుకని మీకు ఓనమాలు రావని భయపడకండి. చేలో తిరిగినవాడికీ, వంటింట్లో తాలింపు వాసన పట్టి ఏం మాడిందో చెప్పేవాళ్లకీ ఇది కొత్త విద్య కాదు. పేర్లే కొత్త.

ఇక సులా సంగతి. దాన్ని చులకన చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు. రాజీవ్ సామంత్ అనే ఆయన అమెరికాలో చదివి, ఉద్యోగం చేసి వచ్చి, నాసిక్‌లో సొంత భూమిలో తోట వేశాడు. 2000లో మొదటి వైన్ బయటికి వచ్చింది. జనం వచ్చి కూర్చుని రుచి చూసే గది 2005లో తెరిచారు. నాసిక్ అంటే వైన్ అనే పేరు రావడంలో సగం పుణ్యం వాళ్లదే. 2022 డిసెంబరులో షేర్ మార్కెట్‌కి కూడా వెళ్లారు. కానీ శని, ఆదివారాల్లో అక్కడ ముంబై కుర్రకారు తిరునాళ్ల లాగా ఉంటారు. గైడు పాతిక మందిని వెంటేసుకుని ట్యాంకులు చూపిస్తాడు, మీరు ప్రశ్న అడిగేలోపే పక్క గదిలో ఉంటాడు. మీకు వద్దనిపించడం న్యాయమే.

అలాగని పేరు చూసి చిన్నదో పెద్దదో తేల్చకండి. గంగాపూర్ డ్యామ్ పక్కన యార్క్ అని ఒకటుంది. గుర్నానీ కుటుంబం పెట్టింది, పిల్లల పేర్లలోని అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టారు. నీళ్ల మీద సాయంత్రం ఎండ పడుతుంటే చాలా బాగుంటుంది. అదీ 2021లో సులా చేతికి వెళ్లింది. చోటు అదే, వైనూ బాగానే ఉంటుంది, కానీ మీరు అనుకునే ‘ఎవరికీ తెలియని చిన్న వైనరీ’ లెక్కలోకి ఇప్పుడు రాదు. నేను వాడే కొలత పీపాలు. ఎర్ర వైన్ నిలవ చేసే ఓక్ చెక్క పీపా మామూలుగా 225 లీటర్లు ఉంటుంది, అంటే దాదాపు 300 సీసాలు. పీపాల గదిలోకి వెళ్లగానే ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టగలిగితే అది చిన్న వైనరీ. లెక్క తప్పిపోయిందంటే టికెట్ కౌంటర్ ఉన్న చోటికి వచ్చారన్నమాట.

మీకు రెండు పేర్లు చెప్తాను. రెండూ రెండు దిక్కుల్లో ఉన్నాయి కాబట్టి ఒకటే ఎంచుకోవాల్సి వస్తుంది.

ఒకటి వలోనే. ఇగత్‌పురి వైపు, కావ్‌నయీ దగ్గర, ముకణే డ్యామ్ నీళ్ల ఒడ్డున ఉంటుంది. నాసిక్ నుంచి ముంబై హైవేలో వెళ్లి లోపలికి తిరగాలి. పేరు ఫ్రెంచి లాగా ఉన్నా పెట్టింది మనవాళ్లే. నాలుగు గదులు, ఒక భోజనశాల, ఎదురుగా తోట, ఆ వెనక చెరువు. హడావుడి లేదు. పెద్దవాళ్లు కుర్చీల్లో కూర్చుని నీళ్లు చూస్తూ గంటసేపు గడపగలరు, మీకు అదే ముఖ్యం. దారిలో సంజేగావ్ దగ్గర గ్రోవర్ జంపా వాళ్లదీ ఉంది, అయితే అది పెద్ద కంపెనీ.

రెండోది రెవెలో. ఇది నిఫాడ్ వైపు, నాసిక్‌కి తూర్పున, అంటే షిర్డీ నుంచి వచ్చే దిక్కున. వాళ్లది సొంత తోట, సొంత ద్రాక్షతోనే చేస్తారు. ఇటలీ రకాలు, నీరో దావొలా, గ్రిల్లో లాంటివి, మన దేశంలో వేసి చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, వాళ్లలో వీళ్లొకరు. చూడ్డానికి వలోనేలా సినిమా లొకేషన్‌లా ఉండదు. కానీ నిఫాడ్ అంటే ద్రాక్ష రైతుల పుట్టిల్లు. రోడ్డుకి రెండు పక్కలా పందిళ్లు, వాటి మధ్య ఉల్లి. పక్కనే లాసల్‌గావ్ ఉల్లి మార్కెట్. మీ నాన్నగారికి సేద్యం మీద ఆసక్తి ఉంటే నేనైతే ఇటే తీసుకెళ్తాను. వించూర్‌లో 2001 ద్రాక్ష విధానం తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం పెట్టిన వైన్ పార్కు కూడా ఈ దారిలోనే. పెద్ద ఆశలతో మొదలై, చాలా యూనిట్లు మూతపడిన చోటది. చిన్న వైనరీ నడపడం ఎంత కష్టమో అక్కడ మూసి ఉన్న గేట్లు చూస్తే తెలుస్తుంది.

ఏది ఎంచుకున్నా ఫోన్ చేయకుండా వెళ్లొద్దు. చిన్న చోట రుచి చూపించేవాడే ట్యాంకులు కడుగుతాడు, వాడే లారీ లోడ్ చేయిస్తాడు. మీరు చెప్పాపెట్టకుండా దిగితే పాపం ఆ రోజు పని చెడుతుంది, లేదంటే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. రెండు మూడు రోజుల ముందు మాట్లాడి, వైన్ చేసే మనిషి ఆ రోజు ఉంటాడా అని అడగండి. ఉంటాడంటేనే వెళ్లండి. ఆయన లేని చిన్న వైనరీ, పూజారి లేని గుడి లాంటిది. తలుపులు తీసే ఉంటాయి, హారతి ఉండదు. వారం మధ్యలో, ఉదయం పది, పదకొండు మధ్య అయితే మనుషులు తీరిగ్గా మాట్లాడతారు.

ఇంకో చిక్కు మన యాత్రికులకే తగులుతుంది. సెలవులు, పండగలు చూసుకుని మనం ప్రయాణం పెట్టుకుంటాం. మహారాష్ట్రలో డ్రై డేలు, అంటే మద్యం అమ్మకూడని రోజులు, సరిగ్గా అలాంటివే: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2, ఆషాఢ ఏకాదశి, అనంత చతుర్దశి, పైగా ఎన్నికల రోజులు. నేనొకసారి అక్టోబరు 2న వెళ్లి, ద్రాక్షరసం కూడా పోయనివ్వని బోర్డు చూసి తిరిగొచ్చాను. ఒంగోలులో కూర్చుని క్యాలెండర్ చూసుకోవాల్సింది, చూసుకోలేదు. మీది ఫిబ్రవరి కాబట్టి శివరాత్రి ఎప్పుడో చూడండి, ఆ రెండు మూడు రోజులు త్ర్యంబకంలో కాలు పెట్టలేరు. 2027లో నాసిక్ కుంభమేళా ఉంది, అప్పుడు మాత్రం ఈ ఆలోచనే పెట్టుకోకండి.

ఫిబ్రవరి ఎంచుకోవడం మీకు తెలియకుండానే కలిసొచ్చింది. యూరప్‌లో చలికాలంలో తీగ నిద్రపోతుంది, ఏడాదికోసారి కొమ్మ కత్తిరిస్తారు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోస్తారు. నాసిక్‌లో తీగకి నిద్ర లేదు. అందుకని రెండుసార్లు కత్తిరిస్తారు. కోత అయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి, అది కొమ్మ గట్టిపడటానికి. వానలు వెనక్కి తగ్గుతుండగా సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండోసారి, అది కాపుకి. వానాకాలంలో కాయ ఉంటే బూజు తెగులు మిగలనివ్వదు. అలా చేసి పంటని జనవరి చివర నుంచి మార్చి లోపలికి తోస్తారు. రాత్రి చలి, పగలు ఎండ. మీరు వెళ్లేది సరిగ్గా కోత మధ్యలోకి. జూన్, జులైలో వెళ్తే కొండలు పచ్చగా ఉంటాయి గానీ వైనరీలో పని కనిపించదు, ట్యాంకులు మూసి ఉంటాయి.

కోత రోజుల్లో ఏం చూస్తారో ఒకటి చెప్తాను. ఇగత్‌పురి వైపు ఒక చిన్న వైనరీ. ఉదయం తొమ్మిదిన్నర. తెల్లారకముందే కోసిన ద్రాక్ష ప్లాస్టిక్ క్రేట్లలో దిగుతోంది. బల్లకి అటూ ఇటూ నలుగురు ఆడవాళ్లు నిలబడి ఆకులూ ఎండిన కాయలూ ఏరుతున్నారు. వైన్ చేసే కుర్రాడికి ముప్పై ఏళ్లుంటాయి, గమ్‌బూట్లు, మోచేతుల దాకా ఊదా రంగు. ఒక కాయ చేతికిచ్చి నలపమన్నాడు. షిరాజ్ రకం, నేరేడు పండంత నల్లగా ఉంది, నలిపితే రసం తెల్లగా వచ్చింది. రంగంతా తోలులోనే ఉంటుంది, అందుకే ఎర్ర వైన్‌కి తోలుతో సహా పులియబెడతారు, తెల్ల వైన్‌కి ముందే పిండేసి రసం మాత్రం చల్లగా పులియబెడతారు అన్నాడు. మనం కొనుక్కుని తినే థామ్సన్ ద్రాక్ష కాదిది. కాయ చిన్నది, గింజలుంటాయి, తోలు మందం, తీపి విపరీతం. జేబులోంచి చిన్న గొట్టం లాంటిది తీసి, అద్దం మీద ఒక చుక్క వేసి, వెలుతురుకి పెట్టి చూడమన్నాడు. లోపల గీత 23 దగ్గర ఉంది. అది తీపి కొలత, బ్రిక్స్ అంటారు. పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే మా బ్యారన్‌లో ఈనె విరిచి ఆరిందా లేదా చూసే అలవాటు గుర్తొచ్చింది. పనిముట్టే వేరు.

తర్వాత ఒక ట్యాంకు కుళాయి తిప్పి గ్లాసులో రెండు గుటకలు పట్టాడు. మడ్డిగా, నురగతో, చిన్నగా చిటపటలాడుతోంది. తాగితే అచ్చం పొద్దున దింపిన తాటికల్లు! తియ్యగా, గాలిబుడగలతో నాలుక మీద గుచ్చుతూ. నాలుగు రోజులైన పక్క ట్యాంకులోది పట్టిస్తే మధ్యాహ్నం కల్లు, తీపి తగ్గి పులుపు తేలింది. ఇంకో వారానికి అది వైన్. ఈస్ట్ తీపిని తినేసి ఆల్కహాల్ చేస్తుందని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ రెండు గుటకలతో అర్థమైనట్టు అర్థం కాలేదు. ఎర్ర ట్యాంకు పైన తోలంతా గట్టి పెంకులా తేలి ఉంది. దాన్ని రోజుకి రెండుమూడు సార్లు కిందికి తొక్కకపోతే ఎండి, వెనిగర్ వాసన పడుతుందట. చూద్దామని నేను మెడ వంచబోతే కుర్రాడు చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. అక్కడ కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది, ఒక్క పీల్పుకి మనిషి పడిపోతాడు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ నెలన్నర ఇంటికి వెళ్లవా అని అడిగితే మూలనున్న నవారు మంచం చూపించాడు. బ్యారన్ కాల్చే రోజుల్లో మా వాళ్లు పొయ్యి పక్కనే పడుకునేవాళ్లు, వేడి రెండు డిగ్రీలు ఎక్కువైతే ఆకు రంగు పోతుందని.

ఇలాంటిది పాతిక మంది గుంపుకి ఎవరూ చూపించరు. ఇద్దరు ముగ్గురు వచ్చి మర్యాదగా అడిగితే, తీరిక ఉంటే చూపిస్తారు. ఏం అడగాలన్నారు కదా, వైన్ గురించి అడక్కండి, పంట గురించి అడగండి. ఈ ఏడు వాన ఎప్పుడు ఆగింది, కాపు ఎలా ఉంది, ఎకరానికి ఎంత దిగింది, ద్రాక్ష సొంతమా కొన్నదా, కొంటే ఏ ఊరి రైతు దగ్గర. ఈ ప్రశ్నలకి ఉత్సాహంగా జవాబు చెప్పే చోట వైన్ కూడా బాగుంటుంది, నా అనుభవంలో ఇది తప్పలేదు. “సార్, ఇది అవార్డ్ విన్నింగ్” అని మొదలుపెట్టే చోట నేను తొందరగా బయటపడతాను.

రుచి చూడటం గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. గ్లాసు కాడ పట్టుకుని తిప్పి, ముక్కు లోపల పెట్టి వాసన చూడండి, చిన్న గుటక నోట్లో నాలుగు క్షణాలు తిప్పండి. ఇంగ్లిష్ పళ్ల పేర్లు వెతుక్కోవద్దు, మనవి సరిపోతాయి. సొవిన్యాన్ బ్లాంక్ అనే తెల్లదానిలో పచ్చిమిర్చి విరిచిన వాసన, దోర జామకాయ, నిమ్మగడ్డి ఉంటాయి. చెనిన్ బ్లాంక్‌లో మగ్గిన జామ, కొంచెం తేనె. కొత్తవాళ్లకి అదే నచ్చుతుంది, తీపి తగులుతుంది కాబట్టి. షిరాజ్‌లో మిరియాలు, నేరేడు. ఓక్ పీపాలో ఉన్నదాన్లో లవంగం, వెనీలా, అమెరికా ఓక్ అయితే ఎండుకొబ్బరి. ఎర్ర వైన్ తాగగానే నోరు ఆరిపోయినట్టు, చిగుళ్లు బిగిసినట్టు అవుతుంది. అదేంటో చెప్పడానికి ఇంగ్లిష్ వాళ్లు ట్యానిన్ అనీ ఇంకోటనీ తంటాలు పడతారు. మనకి ఉగాది నాటి నుంచీ ఒక మాట ఉంది, వగరు. పచ్చి వక్క కొరికితే ఎలా ఉంటుందో అది చెడ్డ వగరు, గింజ నలిగిందన్నమాట. నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలేది మంచి వగరు.

ఒక్కొక్కటి 30 మిల్లీలీటర్ల లెక్కన ఐదు రకాలు పోస్తే 150, అంటే నిండు గ్లాసు. అందులో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం. రెండు చోట్లకి వెళ్తే రెండు గ్లాసులు, ఎండలో, ప్రయాణంలో. అందుకే పక్కన ఉమ్మే పాత్ర పెడతారు. మనవాళ్లకి అది అమర్యాదనిపించి గుటగుటా మింగేస్తారు. వైన్ చేసేవాడు రోజంతా చేసే పని అదే, మీరు ఉమ్మితే తెలిసినవాడనుకుంటాడు. రోజుకి రెండు వైనరీలు మించొద్దు. కారు మాత్రం డ్రైవర్‌తోనే మాట్లాడుకోండి. కొందరు డ్రైవర్లు మీరు చెప్పిన పేరు వినగానే “అది మూసేశారు సార్, ఇంకోటి చూపిస్తా” అంటారు, అది కమీషన్ దొరికే చోటు. మీరు ముందే ఫోన్‌లో మాట్లాడి ఉంటారు కాబట్టి ఆ మాట చెల్లదు.

చిన్నదైతే చాలు మంచిదే అనే భ్రమ కూడా పెట్టుకోకండి. నాకు తగిలిన దెబ్బ చెప్తాను. ఒక చోట, పేరు వద్దు, ముసలాయన ఎంతో ఆప్యాయంగా లోపలికి పిలిచాడు. చాయ్ ఇచ్చాడు, కొడుకు పెళ్లి ఫోటోలు చూపించాడు. పోసిన వైన్ నోట్లో పెట్టగానే తెలిసింది, మూత తీసి వారం దాటింది. పుల్లగా, వెనిగర్ వాసన, రంగు ఇటుక పొడిలా. వారానికి ఇద్దరు వచ్చే చోట తీసిన సీసా అలా నిలవుంటుంది కదా మరి. చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకపోగా మొహమాటానికి పోయి రెండు సీసాలు కొన్నాను. ఇప్పుడు పుణేలో మా కోడలు వాటిలో మనీ ప్లాంట్ పెట్టింది. అప్పటి నుంచి మొదటి గ్లాసు పోయకముందే నవ్వుతూ అడుగుతాను, “ఇది ఎప్పుడు తీశారు?” అని. ఇవాళో నిన్నో అంటే సరే. మొన్నటిదంటే ఫ్రిజ్‌లో పెట్టారా అని అడగండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా తెచ్చిన రోగం, కొత్త సీసా తీయమనడంలో తప్పేం లేదు. మెలి మూత సీసాలకి ఆ బెడద ఉండదు, మన దేశపు వైన్‌లు చాలావరకు మెలి మూతలతోనే వస్తాయి. మెలి మూత చూసి చవకదనుకోకండి.

పెద్దవాళ్ల విషయం. మా ఆవిడ మొదటిసారి కారు దిగనంది. “బాబా దర్శనం చేసుకుని కల్లు పాకకి వెళ్తామా” అని కూర్చుంది. నేను లోపలికి వెళ్లి గంట తర్వాత వచ్చి చూస్తే కార్లో లేదు. తోట చివర గొడుగు కింద ఒక మరాఠీ ఆవిడతో కూర్చుని ద్రాక్ష తింటోంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. డ్రిప్ పైపులు, కత్తిరింపు కత్తెర, పిల్లలెంతమంది, అన్నీ చేతులతోనే నడిచాయి. అందుకని నేను చెప్పేది, అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. ద్రాక్షతోట చూద్దాం, మేమిద్దరం రుచి చూస్తాం, మీరు తోటలో కూర్చోండి అని ఉన్నదున్నట్టు చెప్పండి. దర్శనాలన్నీ అయ్యాక చివరి రోజు పెట్టుకోండి. పంచవటి, త్ర్యంబకం ముందు, ఇది తర్వాత. గోదావరి పుట్టేది అక్కడే కాబట్టి అమ్మగారికి అదే పెద్ద సంగతి, మీ వైనరీ ఆ వరసలో ఎక్కడో కొట్టుకుపోతుంది. నాన్నగారు షుగర్ మాత్రలు వేసుకునేవారైతే, సరదాకైనా ఖాళీ కడుపుతో గుటక వేయనివ్వొద్దు, చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. అందరూ టిఫిన్ గట్టిగా చేసి బయల్దేరండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. రుచి చూపించడానికి మనిషికి కొన్ని వందలు తీసుకుంటారు, బేరమాడొద్దు. సీసాలు ఐదారు వందల నుంచి రెండు వేల దాకా ఉంటాయి. మీతో గంటసేపు తిరిగిన మనిషి దగ్గర ఒక సీసా కొనడం ధర్మం, నచ్చితేనే. దుకాణాల్లో దొరికే రకం కాకుండా అక్కడే అమ్మేది ఏదైనా ఉందా అని అడగండి.

ఆ సీసాని ఇంటికి తేవడం మాత్రం నేను చేయను. 2020లో మన రాష్ట్రం పక్క రాష్ట్రాల నుంచి మూడు సీసాల దాకా తెచ్చుకునే వెసులుబాటు తీసేసింది. ఆ తర్వాత ఈ నిబంధనలు రాజకీయాలతో పాటు కదులుతూ వచ్చాయి. ఎవరో ఫర్వాలేదన్నారని సంచిలో పెట్టుకుని రైలెక్కకండి. తేవాలని పట్టుదల ఉంటే బయల్దేరే ముందు ఎక్సైజ్ వాళ్లని అడిగి కాగితం చూసుకోండి. నేనైతే ఆ రాత్రే హోటల్ గదిలో మా అబ్బాయితో కూర్చుని తీసేస్తాను. అసలు మన ఎండలకి వైన్ బతకదు కూడా. మధ్యాహ్నం కారు డిక్కీలో మూడు గంటలుంటే చాలు, ఉడికిన పళ్లరసం అయిపోతుంది. మే నెలలో నెల్లూరు బీరువాలో సంగతి చెప్పాలా?

నాసిక్ కుదరకపోతే మనకి దగ్గర్లో ఒక దారుంది, దాని గురించి మనవాళ్లు ఎవరూ మాట్లాడరు. మార్కాపురం రోడ్ స్టేషన్‌లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గిద్దలూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా హోస్పేట్‌లో దింపుతుంది. హంపి చూడ్డానికి వెళ్లే రైలే. ఆ హంపి కొండల చుట్టుపక్కల క్రిస్మా అనే చిన్న తోట ఉంది, పెట్టింది తెలుగువాళ్లు. గ్రాన్యూల్స్ మందుల కంపెనీ చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ. ఇద్దరూ మారథాన్ పరుగులు తీసే మనుషులు, ఏడు ఖండాల్లోనూ పరిగెత్తారు. రాళ్ల మధ్య ఎర్ర నేల. చీమకుర్తి క్వారీల పక్కన పెరిగినవాడిని కాబట్టి ఆ బండలు చూస్తే నాకు ఇంటికొచ్చినట్టే ఉంటుంది. వాళ్ల క్యాబర్నే సొవిన్యాన్ నేను మన దేశంలో తాగిన ఎర్ర వైన్‌లలో ముందు వరసలోది, ఇది నా నాలుక మాట. అక్కడికి కూడా ముందే మాట్లాడుకుని, రమ్మంటేనే వెళ్లాలి. బెంగళూరు దగ్గర నంది కొండల కింద గ్రోవర్ వాళ్ల పాత తోట ఉంది, 1980ల చివర్లో వేసింది. మన దేశంలో ఈ కథ తొలి పేజీల్లో అదొకటి. కంపెనీ పెద్దదైంది గానీ కోలారు మీదుగా కార్లో వెళ్లేవాళ్లకి దారిలో పని.

మీరు ఫోన్ చేసినప్పుడు “నలుగురం వస్తున్నాం, ఇద్దరు రుచి చూస్తారు, ఇద్దరు తోట చూస్తారు” అని ముందే చెప్పేయండి, హిందీ చాలు. నీడలో రెండు కుర్చీలు వేయించి ఉంచుతారు. అమ్మగారికి క్రేట్లలోంచి ఒక గుత్తి అడిగి ఇప్పించండి, కాయలో గింజలుంటాయని, కొరకొద్దని మాత్రం చెప్పి ఇవ్వండి.